రెండో కుర్చీ మనిషి

మా మరిది గురించి చెప్పమంటే ముందు అతని చెయ్యి గురించి చెప్పాలి. మనిషి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సన్నంగా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు, పెళ్లి ఊసెత్తితే వీధిలో ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోతాడు. చెయ్యి మాత్రం వేరు. ఆ చెయ్యి గడ్డం గీస్తుంటే కుర్చీలో కూర్చున్నవాళ్లు నిద్రపోతారు. కత్తి బుగ్గ మీద నడుస్తుండగానే గురక పెట్టినవాళ్లను నేను తెర వెనక నుంచి కళ్లారా చూశాను. కస్టమర్లే అతనికి సుతారం అని పేరు పెట్టారు. కన్నవాళ్లు పెట్టిన పేరు మా అత్తగారికి కూడా ఒక్కోసారి తడుముకుంటే గానీ రాదు.

నేను వదినని. కాబట్టి అతన్ని తిట్టే హక్కూ, అతనికి వడ్డించే పనీ రెండూ నావే. ఈ వ్యవహారంలో రెండూ కావలసినంత చేశాను.

మాది సెలూను. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఒక తెర. తెర ఇవతల నేను మిరపకాయలు వేయిస్తే అవతల కస్టమరు తుమ్ముతాడు. షాపులో రెండు కుర్చీలు. వీధి వైపు ఉన్నది మా ఆయనది, లోపలి వైపు ఉన్నది మా మరిదిది. గోడ పొడవునా రెండింటికీ కలిపి ఒకటే అద్దం. మా మామగారు పోతూ పోతూ కొడుకులకిచ్చిన ఆస్తి అదే. ఆయన పిల్లలకు పని నేర్పిన తీరు మా అత్తగారు ఇప్పటికీ చెబుతుంది. బుడగలు ఊది, వాటికి సబ్బు నురగ రాసి, గీయమనేవాడట. మా ఆయన చేతిలో పగిలినన్ని బుడగలు పుట్టినరోజు ఇళ్లలో కూడా పగిలి ఉండవు. చిన్నోడి చేతిలో ఒక్కటీ పగల్లేదట.

బుడగలతో పాటు మామగారు రెండు మాటలు కూడా నూరిపోశాడు. ఒకటి, ఎవరి ముందు నిలబడినా ఒక్క వెంట్రుక చెదిరి ఉండకూడదు. మన తలే బాగాలేకపోతే తన తల మనకెవడిస్తాడు అనేవాడు. రెండోది, ఎంతటి పనివాడైనా తన మెడ తాను గీసుకోలేడు, అన్నకు తమ్ముడే దిక్కు, తమ్ముడికి అన్నే దిక్కు. అందుకని సెలవు రోజు పొద్దున్నే షట్టరు సగం దించి, ఒకళ్లు కూర్చుంటే ఇంకొకళ్లు కత్తెర పట్టేవాళ్లు. తర్వాత మార్చుకునేవాళ్లు. నేను ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ ఏ వారమూ తప్పలేదు. ఆ పూట ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు, కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. అన్నదమ్ముల ప్రేమంతా ఆ పూటే ఖర్చుపెట్టేస్తున్నారని ఎగతాళి చేసేదాన్ని. నిజానికి అంతే.

ఇలా కడుపులో చల్ల కదలకుండా నడుస్తున్న ఇంట్లోకి ఒక ఎండాకాలం దద్దుర్లు దిగాయి.

ముందు నడుం దగ్గర, బెల్టు బిగించే చోట లేచాయి. దోమలేమో అనుకున్నాం. తర్వాత తొడల మీద, వీపు మీద, మోచేతుల మీద. చిన్నగా మొదలై చూస్తుండగానే ఒకదానితో ఒకటి కలిసి అరచెయ్యంత అయ్యేవి. ఎర్రగా, ఉబ్బెత్తుగా, మధ్యలో తెల్లగా. గోకితే ఇంకా లేచేవి. సాయంత్రానికి మచ్చ కూడా మిగలకుండా పోయేవి. హమ్మయ్య అనుకునేలోపు ఇంకోచోట. ఒక ఇల్లు ఖాళీ చేసి పక్కింట్లో దిగినట్టు ఒళ్లంతా కాపురాలు మార్చేవి.

ఒకరోజు పొద్దున లేచేసరికి పైపెదవి వాచి ముక్కుకు తగులుతోంది, ఒక కన్ను మూసుకుపోయింది. మా ఆయన చూసి, "ఎవరితోరా గొడవ పడ్డావు? వాడి మొహం ఎలా ఉందో?" అని నవ్వాడు. మేమూ నవ్వాం. ఇంకో నాలుగైదు సార్లు అలా అయ్యాక నవ్వడం మానేశాం.

ఒంటికి ఏదైనా వస్తే చాలు, చుట్టూ అందరూ వైద్యులే. బెంచీ మీద కూర్చున్న ప్రతి కస్టమరూ ఒక మందు చెప్పేవాడు. మా అత్తగారైతే పథ్యం అంటూ నా వంటింటి మీద పడింది. ముందు వంకాయ ఆపింది. తర్వాత గుడ్డు, చేప, పల్లీలు. తర్వాత పాలు. తర్వాత పులుపు. చివరికి అతని కంచంలో అన్నం, ఉప్పు, మా అత్తగారి నమ్మకం మిగిలాయి. దద్దుర్లకు మాత్రం ఏ లోటూ రాలేదు, నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాయి. అప్పుడు సబ్బు మార్చారు. దుప్పట్లు మార్చారు. పక్కింటి పిల్లి కూడా కొన్నాళ్లు ముద్దాయిగా గడిపింది. అన్నీ అయ్యాక ఒకరోజు మా అత్తగారు గోడకి చెబుతున్నట్టు, "చేసే చేతిలో ఏమన్నా ఉందేమో" అంది.

"ఉంది అత్తయ్యా, గరిటె ఉంది. కావాలంటే తీసుకోండి, రేపట్నుంచి మీరే వండండి" అన్నాను. ఆ తర్వాత ఆ మాట రాలేదు.

మా వీధి మందుల షాపతను చిన్న పసుపు మాత్ర ఒకటి ఇచ్చాడు. దద్దుర్లు లేచినప్పుడు వేసుకోమన్నాడు. వేసుకుంటే దురద తగ్గేది గానీ నిద్ర ముంచుకొచ్చేది. లేచిన రోజు మింగడం, లేవని రోజు మానేయడం. దానికి తోడు మోకాళ్ల నొప్పి మాత్ర. రోజంతా నిలబడే పని కదా, ఆ మాత్ర మా షాపులో దువ్వెనతో సమానం, అన్నదమ్ములిద్దరి జేబుల్లోనూ ఉంటుంది. దాన్ని ఎవరూ మందు కింద లెక్కేయలేదు. చుట్టుపక్కల ఉన్న డాక్టర్లందరి దగ్గరికీ వెళ్లొచ్చాడు. వెళ్లిన ప్రతిచోటా, "ఏమీ కనపడట్లేదే, వేడి చేసుంటుంది, టెన్షను పెట్టుకోకండి" అని పంపించేశారు. దద్దుర్లు మాకు చూపించినంత ధారాళంగా డాక్టర్లకు ఎందుకు చూపించవో నాకు అర్థమయ్యేది కాదు.

ఇంతలో డ్రైవరు గారి సంగతి జరిగింది. ఆయన జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. తల ఎప్పుడూ అటూ ఇటూ వణుకుతూ ఉంటుంది. ఆ తలకు గడ్డం గీయడం ఇంకెవరి వల్లా కాదు, మా ఆయన వల్ల కూడా కాదు. మా మరిది ఎడం చేతి రెండు వేళ్లు ఆయన దవడ కింద పెట్టి, ఆ వణుకుతో పాటే తన చెయ్యీ కదుపుతూ గీసేవాడు. ఆరోజు పొద్దున్నే దద్దుర్లు లేస్తే పసుపు మాత్ర వేసుకున్నాడు. కత్తి చెవి కిందికి వచ్చేసరికి ఒక్క రెప్పపాటు కళ్లు మూతపడ్డాయి. తెల్ల గుడ్డ మీద నెత్తురు.

పటిక రుద్దారు, దూది పెట్టారు. డ్రైవరు గారు "పర్లేదులే అబ్బాయ్, పర్లేదు" అంటూనే లేచారు. మళ్లీ రాలేదు.

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే. అప్పటికే జనం అతని మోచేతుల వైపు చూస్తున్నారు. ఎంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని బొత్తాలు బిగించేవాడు. బిగించిన చోటే ఇంకా లేచేవి. ఒకాయన నోరు విప్పి, "ఇది అంటుకునేదా?" అని అడిగేశాడు. అడగనివాళ్లు అంతకంటే నయం కాదు. బెంచీ నిండా మనుషులు, మా ఆయన కుర్చీ దగ్గర వరస, లోపలి కుర్చీ ఖాళీ. "ఇటు రండి" అని మా మరిది గుడ్డ దులిపితే, "తొందరేం లేదు, కూర్చుంటాం" అనేవాళ్లు. ఈ పనిలో అంతకు మించిన అవమానం లేదు.

మా ఆయన ఒక రోజంతా చూసి, "కొన్నాళ్లు లోపల ఉండరా. తగ్గాక చూద్దాం" అన్నాడు.

"సరే అన్నా" అన్నాడు ఇతను. కత్తి కడిగి, తుడిచి, మడిచి, డ్రాయరులో పెట్టి తెర దాటి ఇవతలికొచ్చాడు.

అలా నాకు తువ్వాళ్ల పనిలో తోడు దొరికింది. షాపు తువ్వాళ్లన్నీ పెద్ద గిన్నెలో మరగపెట్టి, పిండి, వెనక దొడ్లో తీగ మీద ఆరేయాలి. మరుగుతున్న నీళ్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు, అతనికి మెడ మీద మళ్లీ లేచేవి. అయినా మాట్లాడకుండా పిండేవాడు. తువ్వాళ్లు ఆరేస్తే అంచుకు అంచు కలిపి గీత గీసినట్టు ఆరేసేవాడు. చూసి నాకు ఒళ్లు మండేది. ఆ చెయ్యి చేయాల్సిన పనా ఇది?

ఆ వారం సెలవు రోజున షట్టరు సగం దించి మా మరిది దువ్వెనలు కడిగి పెట్టుకున్నాడు. మా ఆయన చెప్పులేసుకుని, "బయట పనుంది" అని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం వచ్చి కంచం ముందు కూర్చుని తల వంచాడు. నీళ్లు పెట్టడానికి వచ్చిన మా మరిది గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మెడ వైపు చూస్తున్నాడు. చేయి చూస్తే వైద్యుడికి తెలిసినట్టు, మెడ చూస్తే వీళ్లకు ఎవరి కత్తెరో తెలిసిపోతుంది.

"లైను ఎడమవైపు దిగిందన్నా" అన్నాడు.

మా ఆయన ముద్ద చేతిలోనే ఉంది. "ఆ" అన్నాడు. మింగలేదు, కక్కలేదు.

గ్లాసు పెట్టేసి మా మరిది దొడ్లోకి వెళ్లి తువ్వాళ్ల ముందు కూర్చున్నాడు. ఎండిన తువ్వాళ్లనే మళ్లీ తడిపి పిండుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపు ఎప్పుడూ కోపం రూపంలోనే వస్తుంది, అందుకని లోపలికెళ్లి, "తమ్ముడి చెయ్యి తగిలితే చస్తారా?" అని అడిగేశాను.

"నీకు తెలీదు. నాకూ నిన్న వీపు దురద పెట్టింది" అన్నాడు మా ఆయన.

"దురద వీపుకు కాదు, బుద్ధికి" అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. తర్వాత రెండు రోజులకు అసలు సంగతి బయటపెట్టాడు. పక్క వీధి షాపులో పనిచేసే ఒకతనితో మాట్లాడాడట. నెల తిరగ్గానే వస్తాడట. "కుర్చీ ఖాళీగా ఉంటే షాపుకు మంచిది కాదు" అన్నాడు. మా మరిది దానికి కూడా "సరే అన్నా" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది, ఇద్దరికీ.

నెల తిరిగేలోపు ఆ చేతిని జనం మళ్లీ నమ్మకపోతే కుర్చీ పోతుంది. ఆ కుర్చీ పోయాక మా ఇంట్లో సుతారం ఉండడు. తువ్వాళ్లు ఆరేసే మనిషి ఒకడుంటాడు. అది నాకు పట్టపగలంత స్పష్టంగా కనిపించింది. వీళ్లు ముగ్గురూ కళ్లు మూసుకుని కూర్చున్నారు కాబట్టి నేనే లేచాను. పెద్దాసుపత్రి దగ్గర చర్మం డాక్టరమ్మ ఉందని తెలుసుకుని, టైము తీసుకుని, పద అన్నాను.

ఆరోజు పొద్దున మా మరిది తయారై వచ్చిన తీరు చూడాలి. తలంటుకుని, గడ్డం గీసుకుని, మీసం దిద్దుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కనిపించే చోట ఒక్క దద్దురు లేదు. నాకు అనుమానమొచ్చి చూద్దును కదా, చేతిలో నీళ్ల గ్లాసు, నోట్లో మాత్ర.

"ఏంటది?"

"పసుపు మాత్ర వదినా. పొద్దున కొంచెం లేచాయి. రాత్రి కూడా ఒకటి వేసుకున్నా."

"డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఎప్పుడూ ఇలాగే వేసుకుంటావా?"

"మరి? డాక్టరు ముందు అలా ఎలా నిలబడతాం?" అన్నాడు, నేనేదో తప్పు మాట అడిగినట్టు.

నాకు తల తిరిగింది. ఇన్నాళ్లూ డాక్టర్లకు దద్దుర్లు కనపడకపోవడం వెనకున్న మర్మం ఇదన్నమాట! మామగారు నూరిపోసిన మొదటి మాట. ఎవరి ముందు నిలబడినా ఒక్క వెంట్రుక చెదిరి ఉండకూడదు. రోగం చూపించుకోవడానికి వెళ్తూ రోగాన్ని ఇంటి దగ్గర దాచిపెట్టి వెళ్లేవాడు!

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నువ్వు వెళ్తోంది డాక్టరు దగ్గరికా, పెళ్లిచూపులకా? ఉమ్ము ముందు!"

ఉమ్మేశాడు. మాత్రల అట్ట లాక్కుని నా సంచిలో వేసుకున్నాను. మడత నలగని ఆ చొక్కాతోనే బయల్దేరదీశాను.

రాత్రి వేసుకున్న మాత్ర బలం దారిలోనే దిగిపోయింది. బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడ్డాడేమో, అరచెయ్యి ఉబ్బడం మొదలైంది. ఆసుపత్రి వరండాలో కూర్చునేసరికి మెడ, మోచేతులు, చెవి తమ్మెలు ఎర్రగా లేచాయి. పక్కన కూర్చున్నావిడ పాపను ఒళ్లోకి లాక్కుని అవతలి బెంచీకి మారింది. మా మరిది తల దించుకున్నాడు.

"వదినా, ఒక్కటివ్వు. అందరూ చూస్తున్నారు."

"ఇవ్వను."

"నీకు దణ్ణం పెడతాను."

"పెట్టుకో. ఇవ్వను."

పెదవి వాయడం మొదలయ్యాక ఇక అడగలేదు. సంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను గానీ, పిలుపు ఇంకో అరగంట ఆలస్యమైతే ఇచ్చేసేదాన్నేమో.

డాక్టరమ్మ నడివయసు మనిషి, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని ఉంది. మా మరిదిని చూడగానే ముందు నోరు తెరవమంది, నాలుక చూసింది, ఊపిరి ఎలా ఆడుతోందని అడిగింది. అదంతా బాగానే ఉందని తేల్చుకున్నాక, "మంచి రోజు చూసుకునే వచ్చారు" అంది. ఇన్నాళ్లకు ఒక డాక్టరు ఆ దద్దుర్లను కళ్లారా చూడడం అదే మొదలు. పెన్ను తీసుకుని ఒక దద్దురు చుట్టూ గీత గీసింది. తర్వాత మొద్దు పుల్లతో ఖాళీగా ఉన్న చర్మం మీద అడ్డంగా ఒక గీత రాసి, కబుర్లలో పడింది. ఎన్నాళ్లుగా? ఒక్కొక్కటీ ఎంతసేపుంటుంది? పోయాక నల్లమచ్చ మిగులుతుందా? జ్వరం, కీళ్లవాపు ఉంటాయా? ఇంట్లో ఇంకెవరికైనా పెదవులు వాచేవా? బీపీకి ఏమైనా మింగుతున్నారా? అడుగుతుండగానే ఆ పుల్లగీత తాడులా ఉబ్బి పైకి లేచింది. నా ఫోనులో వాచిన మొహం ఫొటోలున్నాయి, కోపం వచ్చినప్పుడల్లా తీసి పెట్టుకున్నవి. అవీ చూపించాను.

"ఇంకేం మాత్రలు వేసుకుంటారు?"

"ఏమీ లేవండి" అన్నాడు మా మరిది.

"మోకాళ్ల మాత్ర?" అన్నాను నేను.

"అది మందేంటి వదినా, రోజూ వేసుకునేదే కదా!"

డాక్టరమ్మ కళ్లజోడు కిందికి దించుకుంది. "రోజూనా? అది ముందు ఆపండి. రోగం దానివల్ల రాలేదు గానీ, ఉన్న మంటలో పెట్రోలు పోస్తోంది" అంది. నొప్పికి వేరే మాత్ర రాసింది.

తర్వాత ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. మన చర్మంలో కాపలా కణాలుంటాయి. దొంగ వస్తే ఈల వేయడం వాటి పని. ఇతని ఒంట్లో దొంగ లేకపోయినా ఈల వేస్తున్నాయి. ఆ ఈలకే దద్దుర్లు, వాపు. ఆరు వారాలు దాటి ఇలా వస్తూ పోతూ ఉంటే దాన్ని దీర్ఘకాలపు దద్దుర్లంటారు. చాలామందిలో బయటి కారణమంటూ దొరకదు. వేడి, బిగుతు బట్టలు, నిద్రలేమి ఎక్కువ చేస్తాయి, అంతే.

"పథ్యం?" అని అడిగాను.

"ఏం మానేశారు?"

చెప్పాను. వింటూ వింటూ నవ్వు ఆపుకుంది. "అన్నీ పెట్టండి. మనిషి చిక్కిపోయాడు."

వంకాయ నిర్దోషి అని తేలింది. పిల్లి కూడా.

నా సంచిలోంచి పసుపు మాత్రల అట్ట తీసి చూపిస్తే పక్కన పడేయించింది. "కత్తి పట్టే మనిషికి మత్తు మాత్రలా?" అని ఆ షాపతన్ని నాలుగు తిట్టింది. అంతగా నిద్రపట్టించని మాత్ర రాసి, దాన్ని దద్దుర్లు ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలంది. లేచాక ఆర్పడానికి కాదు, లేవకుండా ఉండడానికి. రెండు మూడు రక్తపరీక్షలు చాలంది. చాలామందిలో నెలలకో, ఏళ్లకో తనంతట తనే పోతుందట, ఎప్పుడని చెప్పలేమట. "నాలుక వాచినా, గొంతు బిగిసినట్టున్నా, ఊపిరాడకపోయినా మాత్ర మింగి కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి వచ్చేయండి" అని రెండుసార్లు చెప్పింది.

మా మరిది అప్పటిదాకా బుద్ధిగా తలూపుతున్నవాడు, లేవబోతూ ఆగిపోయాడు. "అమ్మా, నా చెయ్యి పొద్దస్తమానం జనం బుగ్గల మీద ఉంటుంది. నా నుంచి వాళ్లకి..." అని మిగతా మాట మింగేశాడు.

"అంటదు. ఎవరికీ, ఎప్పుడూ అంటదు."

అతను మొహం అటు తిప్పుకున్నాడు. నేను సంచి సర్దుకునే నెపంతో కిందికి చూశాను.

మర్నాటికి పెన్ను గీత లోపల ఏమీ లేదు, మచ్చ కూడా లేదు. అది మంచి గుర్తేనట. మాత్ర రోజూ పడేసరికి రెండు వారాల్లో సగం తగ్గాయి. పెదవి వాయడం ఆగింది. మా అత్తగారు వంకాయను అనుమానంగానే చూస్తూ వడ్డించింది. మా ఆయనకు నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను, అంటదట, డాక్టరే చెప్పిందని.

"డాక్టర్లు సవాలక్ష చెబుతారు" అన్నాడు.

"అయితే ఈసారి మీరూ రండి. రాకపోతే రేపట్నుంచి షాపు తువ్వాళ్లు మీరే ఉతుక్కోండి."

వచ్చాడు. డాక్టరమ్మ గదిలో మూలకు నిలబడ్డాడు. ఆవిడ మా మరిది మోచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. తొడుగుల్లేవు, ఏమీ లేవు. మిగిలిన నాలుగు దద్దుర్లను బొటనవేలితో నొక్కి చూస్తూ, మాత్రలు పొద్దునా రాత్రీ పెంచి రాస్తానని, డాక్టరు చెప్పకుండా సొంతంగా పెంచుకోకూడదని, దీనికీ లొంగకపోతే నెలకోసారి ఇంజక్షను ఉందని చెబుతోంది. మా ఆయన ఆ బొటనవేలినే చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి వదిలి, అదే చేత్తో కళ్లజోడు సర్దుకుని, అదే చేత్తో పెదవి దగ్గర గోక్కుంది.

"అంటదని కాగితం మీద రాసిస్తారా, షాపులో తగిలిస్తాం" అన్నాడు మా ఆయన చివరికి.

"రాసిస్తాను. కానీ జనం గోడను చూడరండీ, మిమ్మల్ని చూస్తారు" అంది.

ఆయన కాగితం తీసుకోకుండానే బయటికి నడిచాడు. ఆ సెలవు రోజున కూడా ఏమీ జరగలేదు, అన్నదమ్ములిద్దరూ చెరో పక్క కూర్చుని గోళ్లు చూసుకున్నారు. నేను గమనించింది ఒకటే. మా ఆయన కటింగుకి బయటి షాపుకు కూడా వెళ్లలేదు. జుట్టు చెవుల మీదికి దిగింది. మామగారు బతికుంటే ఆ అవతారం చూసి షాపే మూయించేవాడు.

నెల తిరిగింది. మా మరిదికి వారంలో ఎక్కువ రోజులు ఒళ్లు శుభ్రంగానే ఉంటోంది. కొత్త మాత్రతో కళ్లు మూతపడటం లేదు, తువ్వాళ్ల మధ్య కూర్చుని ఊదిన బుడగ మీద నురగ రాసి గీసి చూసుకుంటున్నాడని నాకొక్కదానికే తెలుసు. డ్రైవరు గారు మాత్రం ఇంకా రాలేదు. నేను వాళ్లింటికెళ్లి చెప్పొస్తానంటే మా మరిది వద్దన్నాడు. రక్తం వచ్చింది కదా వదినా, ఆయన తప్పేముంది అన్నాడు.

ఒకటో తారీఖు పొద్దున పక్క వీధి అతను తోలు పెట్టెతో దిగాడు. తెర పక్కకు తొలిగి ఉంది, నాకు షాపంతా కనిపిస్తోంది. బెంచీ నిండుగా ఉంది. అతను లోపలి కుర్చీ దగ్గరికి వెళ్లి, పెట్టె అద్దం ముందు పెట్టి, "ఇదేనా నాది?" అన్నాడు.

మా ఆయన ఒకాయనకి మీసం కత్తిరిస్తున్నాడు. కత్తెర ఆపాడు. కాసేపు అద్దంలో తన తలే తను చూసుకున్నాడు. చూసుకుని, కత్తెర అక్కడే పెట్టేసి, కుర్చీలో ఉన్నాయనను, "ఒక్క పది నిమిషాలాగండి" అన్నాడు. సగం మీసంతో ఆయన నోరు తెరిచాడు. మా ఆయన పట్టించుకోలేదు. తోలు పెట్టె తీసి బెంచీ పక్కన కింద పెట్టి, తను వెళ్లి లోపలి కుర్చీలో కూర్చున్నాడు.

"ఒరేయ్, ఇలా రా."

మా మరిది తడి చేతులతోనే తెర దాటాడు. అన్న ఎక్కడ కూర్చున్నాడో చూసి ఆగిపోయాడు.

"నీ కత్తి తీసుకో" అన్నాడు మా ఆయన.

"అన్నా, ఇవాళ కొంచెం లేచాయి." వేడినీళ్ల దగ్గర నుంచి వచ్చాడు కదా, ముంజేతి మీద మూడు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. దాచుకోలేదు. అందరికీ కనిపించేలా చెయ్యి చాపి చూపించాడు. బెంచీ మీద ఉన్నవాళ్లంతా మెడలు సాచి చూశారు.

"లేస్తే లేచాయిలే. మెడ దగ్గర లైను ఎవడో పాడు చేశాడు, నేనే వెళ్లి పాడు చేయించుకున్నాను. బాగు చెయ్యి."

మా మరిది డ్రాయరు తెరిచి కత్తి తీశాడు, కొత్త బ్లేడు వేశాడు. గుడ్డ దులిపి అన్న మెడకు కట్టాడు. ఎడం చెయ్యి, ఆ దద్దుర్ల చెయ్యే, అన్న నెత్తి మీద పెట్టి కొంచెం సేపు అలాగే ఉంచాడు. ఇద్దరూ అద్దంలోకి చూడలేదు.

"తల వంచన్నా" అన్నాడు.

మా ఆయన వంచాడు. నేను తెర వెనక నిలబడి ఏడ్చాను. మొహం తుడుచుకోవడానికి చేతిలో కావలసినన్ని తువ్వాళ్లున్నాయి.